చెవి లేని తాళం

నవంబరు. మూడున్నరకే చీకటి.
తార్తూలో, పులుసుపేట అని పిలుచుకునే చెక్క ఇళ్ల పేటలో
చిక్కుడు వీధి చివర నా కొట్టు.
మా తాత ఆకురాయితో అరగదీసిన తాళంచెవులు
ఇంకా మేకులకు వేలాడుతుంటాయి,
వాటి తలుపులు ఎప్పుడో పొయ్యిలో కాలిపోయినా.

మారికా లోపలికొచ్చి
చేతి తొడుగులైనా విప్పకుండా అడిగింది:
"ఫోనుతో తెరుచుకునేవాటిలో గట్టిది ఏది?"

నాకు అలవాటైన పాఠమే అప్పగించాను.
ఇది పైకి ఇత్తడి, లోపల రేకు, వద్దు.
ఇది అంకెలది. వాడగా వాడగా
నాలుగు మీటల మీదే వేలి జిడ్డు మిగులుతుంది,
దొంగకు సగం లెక్క మనమే చేసిపెట్టినట్టు.
ఇది వేలిముద్రది. మైనస్ ఇరవైలో
చలికి పగిలిన వేలిని
ఎవరో పరాయివాళ్లనుకుంటుంది.
ఇదేమో ప్రతి చిన్నదానికీ
ఏ దూరదేశపు సర్వరునో అడిగి వస్తుంది.
ఆ కంపెనీ దివాలా తీసిన రోజున
నీ తలుపు అనాథ.

వింటోంది, వినటం లేదు.
కౌంటరు మీది బ్యాటరీని
వేలితో అటూ ఇటూ దొర్లిస్తోంది.

"బయటివాడి సంగతి కాదు.
మొన్న రాత్రి మూడింటికి
ఇంట్లో దీపాలన్నీ ఒక్కసారి వెలిగాయి.
నిన్న హీటరు తనంతట తనే ఆరిపోయింది.
ఇవాళ పనికి బయల్దేరి మెట్లు దిగుతుంటే
వెనక తలుపు, నేను వేసిన తలుపు,
క్లిక్‌మని తెరుచుకుంది.
దయ్యమైతే బాగుండేది."

అవన్నీ బిగించింది ఆయనే.
వేసవిలో పార్నూ వెళ్లిపోయాడు.
గాలం తీసుకెళ్లాడు, కాఫీ మిషను తీసుకెళ్లాడు,
తాళంచెవి మాత్రం మర్యాదగా
బల్ల మీద పెట్టి వెళ్లాడు.

తాళంచెవి అని పేరు పెట్టినవాడెవడో గానీ
తెలిసినవాడు.
పాత తాళానికి ఒకటే చెవి.
దాంతో మాట్లాడాలంటే ఎదురుగా నిలబడాలి,
మంచులో, ఊపిరి పొగలవుతుంటే,
ఎదురింటి ముసలమ్మ తెర తొలగించి చూస్తుంటే.
ఈ కొత్తదానికి చెవి లేదు,
ఒళ్లంతా చెవులే.
నూటడెబ్బై కిలోమీటర్ల అవతల
సోఫాలో పడుకుని ఒకడు వేలు కదిపినా
వింటుంది.

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు.
ఇల్లు వదిలి వెళ్లిన ఇంటిదొంగనో?

తాళాలన్నీ పెట్టెల్లో సర్దేశాను.
ముందు ఫోను చూపించు, అన్నాను.
యజమాని: ఆయన పేరు.
దాని కింద చిన్న అక్షరాల్లో మారికా.
హోదా: అతిథి.

పదకొండేళ్లు.
ఆ కిటికీ చట్రాలకు నీలం రంగు వేసింది ఆమె.

ఏదీ చెరపకు, అన్నాను.
మూడింటికి వెలిగిన దీపాలు కూడా సాక్షులే,
వేళలతో సహా ఫొటో తీసి పెట్టుకో,
పోలీసులకు చూపించవచ్చు.
కొట్టు మూసి ఆమె వెంట నడిచాను.

మెట్ల కింద, చీపురు వెనక,
పచ్చ లైటు మిటకరిస్తూ ఆ ఇంటి మెదడు.
వీపు మీద సూదిబెజ్జం ఒకటి.
నా పనిముట్లలో అంత సన్ననిది లేదు.
మారికా తన చెవిపోగు తీసి
అందులో గుచ్చి పట్టుకుంది.
పది లెక్కపెట్టమన్నాను. ముప్పై దాకా లెక్కపెట్టింది.

లైటు ఆరింది. మళ్లీ వెలిగినప్పుడు
దానికి ఎవరూ గుర్తు లేరు.
యజమాని పేరు? అని అడిగింది.
వణికే వేళ్లతో మొదటిసారి తప్పు కొట్టింది,
తన పేరే.

చివరికి బిగించినది అన్నింటిలోకీ అనాకారి తాళం.
ఇంటి గోడలు దాటి ఎవరి మాటా వినదు,
కరెంటు పోయినా, కంపెనీ పోయినా
తిప్పడానికి ఒక ఇత్తడి చెవి ఉంది.
తాళానికే డబ్బు తీసుకున్నాను.

సగం వీధి నడిచాక
జేబులో ఏదో గలగలమంది.
అలవాటు చొప్పున రెండో తాళంచెవి
నాతో వచ్చేసింది.
వెనక్కి వెళ్లి తలుపు తట్టాను.

తెరవలేదు.
"ఎవరు?" అంది లోపలినుంచి, గట్టిగా.

మంచులో నిలబడి
నా పేరు చెప్పాను. కల్యు, తాళాల కల్యు.
ఎన్నడూ లేనంత ఇష్టంగా చెప్పాను.