అసలూ వడ్డీ

పర్లాకిమిడిలో పాత మిల్లు వెనక
దండాసి రేకుల షెడ్డులో టార్పాలిన్ ఎత్తగానే
ముందు ఎలుక బయటికొచ్చింది.
ఆ తర్వాత కారు.

డెట్రాయిట్‌లో పుట్టిందట.
ఆ ఏడు అలాంటివి రెండు వందలే చేసి
అచ్చు పగలగొట్టేశారట.
డాష్‌బోర్డు కింద ఇత్తడి బిళ్ళే సాక్ష్యం:
రెండు వందల్లో ముప్పై ఒకటి.
బొంబాయి నుంచి వచ్చిన మదింపుదారు
దాన్ని బొటనవేలితో తుడిచి
కళ్ళకద్దుకున్నంత పని చేశాడు.

ఆయనది హిందీ. ఓనరు కరుణాకర పట్నాయక్‌ది ఒడియా.
దండాసిది తెలుగు, అదీ మహేంద్రతనయ నీళ్ళు తాగిన తెలుగు.
నడుమ నేను,
రిజిస్ట్రారు ఆఫీసు అరుగు మీద దస్తావేజులు రాసేవాణ్ణి,
గంటకింతని మాట్లాడి తెచ్చిన నోరు.

ఆయన జేబులోంచి చిన్న అయస్కాంతం తీసి
గుడ్డలో చుట్టి బండి ఒంటినిండా ఆనించాడు.
అంటుకుంటే ఇనుము.
జారితే లప్పం.
జారిన ప్రతిసారీ కాగితం మీద ఒక లక్ష రాలింది.
ఎడమ తలుపు మీద జారింది. డిక్కీ అంచున జారింది.

"తిత్లీ తుపాను రాత్రి రేకు ఇరిగి పడ్డది బాబూ అక్కడ,"
దండాసి నా చెవిలో అన్నాడు,
"నానడ్డంగా నిలబడితే సగమే తగిలింది."
దీన్నేమని తర్జుమా చెయ్యను?
"తుపాను డ్యామేజీ" అన్నాను.

ఇంజను ఒరిజినలేనా? అద్దం?
గేరు పిడి?

పిడి నల్లగా ఉంది, లోపల తేనెరంగు చార.
అరచేతి గుంటలో కూర్చునే గుండ్రం.
అసలుది ఎప్పుడో పగిలిపోతే
కొమ్ముపని అర్జున మహారాణా
దున్నపోతు కొమ్ము కాచి, వంచి, అరగదీసి
వారం రోజులు మెరుగు పెట్టాడు.
గేర్ల అంకెలుండాల్సిన చోట
చింతగింజంత కొంగని చెక్కాడు.
ఎందుకని అడిగినవాళ్ళు లేరు. ఇప్పుడు అడుగుదామంటే
మహారాణా లేడు, కొడుకు సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు.

ఒరిజినల్ కాదు, రాసుకున్నాడాయన.
నలభై వేలు తీసివేత.

"అసలుది కాదంటున్నారు" అన్నాను దండాసితో.
"అసలంటే? నువ్వు నోట్లు రాస్తావే, ఆ అసలేనా?"
"అదే మాట."
"మరి ముప్పయ్యారేళ్ళు నాను తుడిసింది వడ్డీ కాదేటి?
అసలొక్కటే లెక్కేసి వడ్డీ కొట్టేసే షావుకారిని
ఇప్పుడే సూస్తన్నాను."

వడ్డీకి పోయి అసలుకే ఎసరు తెచ్చుకున్నవాళ్ళ
కాగితాలు బోలెడు రాశాను.
ఇది తిరగబడ్డ కేసు,
దీనికి స్టాంపు పేపరు దొరకదు.
ఆ మాట హిందీలోకి వెళ్ళలేదు.
తీసుకున్న కూలికి అంతవరకూ నేను దొంగనే.

బేరం కుదిరింది. అంకె చెప్పను.
సున్నాలు రాస్తుంటే నా పెన్ను రెండుసార్లు ఆగింది.

మర్నాడు లారీ వచ్చింది.
దండాసి తాళం తిప్పబోతే వద్దన్నారు.
మీటరు మీద పెరిగే ప్రతి మైలూ ధరలో తగ్గుతుందట.
కదిలితే చవకైపోయే బండిని
పెళ్ళికూతుర్ని పల్లకీ ఎక్కించినట్టు
ఎనిమిదిమంది ఎక్కించారు.

అసలు పిడి ఎక్కడో సముద్రాల అవతల దొరికిందట,
పార్సిల్లో వస్తోందట.
ఆయన కొమ్ము పిడి విప్పి
ఎక్కడ పారెయ్యాలా అని అటూ ఇటూ చూశాడు.
దండాసి చెయ్యి చాపాడు.

ఇప్పుడది షెడ్డు తలుపుకి ఉంది.
లోపల టార్పాలిన్ మడత, నూనె మరక, ఎలుక.
మొన్న స్పీకరు నుంచి ఊడిన అయస్కాంతం ముక్క దొరికితే
ఊరికే, కొంగ మీద ఆనించాను.
జారి కాళ్ళ దగ్గర పడింది.

"అంటదు బాబూ," అన్నాడు దండాసి,
స్పానరు వెతుక్కుంటూ, తలెత్తకుండా,
"అది బతికిన సరుకు."