మల్ల మొదటేడు

ఈదమ్మక్క పాఠం చెప్పదు.
మంగళారం పొద్దుగాల మాల్ నుంచి వచ్చే ఆటో దిగి
చెప్పులు గట్టు మీద ఇడిచి
చేన్ల నిలవడి అడుగుతది:
"నిన్న ఏం చూసినవ్?"

ఏం చూస్త? పత్తి చూసిన.
"పత్తిల ఏం చూసినవ్?"

నెల దినాలు నా దగ్గర జవాబు లేదు.
ఇరవై ఏండ్లు సేద్యం జేసినోన్ని,
డబ్బా మీది బొమ్మను బట్టి మందు పోల్చినోన్ని,
ఆకును తిరగేసి జూసింది
అప్పుడే.

పది మొక్కలు. మొక్కకు మూడాకులు, పైన, నడుమ, కింద.
పచ్చదోమ ఎన్ని, అక్షింతల పురుగులెన్ని,
సాలీడు ఉన్నదా లేదా.
నా బిడ్డ లెక్కల నోట్‌బుక్కుల
మిగిలిన తెల్లకాగితాల మీద
చేను నాతోని అక్షరాలు దిద్దించింది.

ఆవు లేదు నాకు.
బకెట్ పట్టుకొని తెల్లారకముందే
పెంటయ్య కొట్టం ముంగట నిలవడ్డ.
"పాలకనుకుంటి, దీనికొచ్చినవా!"
ఆయన నవ్విన నవ్వును
ఊరు మూడు దినాలు నవ్వింది.

మొదటేడు ఎకరానికి నాలుగు కింటాళ్లు.
పక్క చెల్కల ఎనిమిది.
మణెమ్మ ఏమనలేదు.
అన్నం గిన్నె నా ముంగట పెట్టేకాడ
చప్పుడు కొంచెం ఎక్కువైంది, అంతే.

రెండో ఏడు,
పెత్తరమాస ఇంక ఎనిమిది దినాలుందనంగ
ఆకుల అంచులు ఎర్రబారి ముడుచుకున్నయి.
వేపగింజల కషాయం ఒకపాలి, రెండుపాలు.
మూడోపాలికి గింజలే లేవు.
కొండమల్లేపల్లిల ఉద్దెర రాయించి బుడ్డి తెచ్చిన.
రాత్రి, సెల్‌ఫోన్ పండ్ల నడుమ కరిచి
సొంత చేన్లకు దొంగ లెక్క వోయి
కొట్టిన.
నోట్‌బుక్కుల రాసిన:
వేప కషాయం, మూడోపాలి.

మంగళారం.
మొదటి మొక్క. దోమ లేదు.
రెండోది. దోమ లేదు.
నేను అక్క మొఖం దిక్కు చూస్తలేను.
అయిదో మొక్క కాడ వంగి
మట్టిల నుంచి ఏదో ఏరి
నా అరచేతిల పెట్టింది.
అక్షింతల పురుగు,
కాళ్లు ముడుచుకొని, ఎల్లెల్కల.
ఇంకొకటి. ఇంకొకటి.
"కషాయం వీటిని సంపదు, బాలనర్సూ."

తిడితే బాగుండు.
గట్టు మీద కూసొని సంచి ఇప్పింది.
తన నోట్‌బుక్కు, ఒక మూల ఎలుక కొరికింది.
నడుమ పేజీల వేలు పెట్టింది:
తేదీ. మందు పేరు. రాత్రి కొట్టిన.
కింద ఇంకో రంగు సిరతోని
మల్ల మొదటేడు.

"ఎవరు పట్టుకున్నరక్కా నిన్ను?"
"ఎవరు లే. పట్టుకునేటోళ్లు లేకనే
మూడు మంగళారాలు కూడు సయించలే.
నాలుగోదానికి నేనే రాసిన."
లేచి, కొంగు దులుపుకొని,
"మిగిలిన బుడ్డి ఏడుంది?"
దూలం సందుల.
"తెచ్చియ్యి. ఇంట్ల ఉంచకు.
మా ఇంట్ల ఒకటి ఉండె."
ఆ తర్వాత మాట నేనడగలే.

మా సంఘంల తొమ్మిది మందిమి.
ఒకరి చేను ఇంకొకరు చూసి సంతకం పెడతం.
ఆదివారం బడి అరుగు మీద చెప్పిన.
రెండేండ్ల లెక్క సున్న అయింది.
సుక్కమ్మ ఇప్పటికీ నాతోని మాట్లాడదు,
నా మూలంగ తన పత్తి మీద కూడ అనుమానం పడ్డదని.
అది నిజమే.
పెంటయ్య మాత్రం తెల్లారి
నిండు బకెట్ నా వాకిట్ల పెట్టి పోయిండు.
వాసన కడప దాటేదాక మాకు తెల్వలే.

ఇగ ఈ వానకాలం నన్ను పొమ్మన్నది అక్క,
గుడిపల్లి అవతల ఒక పిలగాడు
రెండెకరాలు మొదలువెట్టిండంట.
ఆవు ఉన్నదంట. అదృష్టవంతుడు.
"నేనేం చెప్పాలక్కా?"
"చెప్పుడెందుకు?
నిన్న నువ్వేం చూసినవ్?"

చూసిన.
మూడో సాలు, ఏడో మొక్క.
ఆకు అడుగున, ఎవరో పసుపు బియ్యం
నిలవెట్టి అతికిచ్చినట్టు
గుడ్లు.
లెక్కవెట్టిన. పందొమ్మిది.