పలకని అక్షరం

మా ఆయన ఎర్మిందో రాసే మనిషి కాదు.
మూడో తరగతిలో బడి మానేసి పడవెక్కాడు.
మాటలూ తక్కువే.
రొట్టె బాగుంటే ఇంకోటి తీసుకుంటాడు,
బాగుందని మాత్రం అనడు.

కెయోన్ రేవులో సాల్మన్ చేపల ఫ్యాక్టరీ. రాత్రి షిఫ్టు.
ఆరింటికి, ఇంకా చీకటుండగానే
వానని భుజాన వేసుకుని వస్తాడు.
రబ్బరు బూట్లు పొయ్యి పక్కన బోర్లించి
యాస్నా బడిసంచీలో ఒక చీటీ దోపి
పడుకుంటాడు.
ఏడింటికి అది లేస్తుంది.
ఒకే కప్పు కింద తండ్రీ కూతురూ
ఒకరు వస్తే ఒకరు పోయే ఆటుపోట్లు.

చీటీ అంటే
అట్టపెట్టెల మీద అంటించే లేబుల్ ముక్క.
ఒకవైపు, నికర బరువు పది కిలోలు.
రెండోవైపు
ఐసు తిన్న వేళ్లతో, జారిపోతున్న పెన్నుతో,
"ఇహా, లెక్కలు రాకపోతే ఏడవకు.
సముద్రకాకులకీ రావు.
చేపలు పట్టట్లేదూ?"

నేనూ రాసేదాన్ని, మొదట్లో.
గీతల కాయితం మీద, గుండ్రంగా:
బాగా చదువు, స్వెట్టర్ విప్పకు, దేవుడున్నాడు.
నావి సంచీ అడుగున రొట్టెపొట్టులో నలిగేవి.
వాళ్ల నాన్నవి బిస్కెట్ల డబ్బాలో.
నాకు కుళ్లు పుట్టలేదంటే అబద్ధం.

ఇహా అంటే మా భాషలో కూతురు.
రాసేటప్పుడు ముందు ఇంకో అక్షరం పెట్టాలి,
ఆచే అని దాని పేరు. అది పలకదు.
చూడ్డానికి, వీపు ఆనించుకునే చిన్న కుర్చీలా ఉంటుంది.
పలకనిదాన్ని రాయడం దేనికనుకున్నాడో ఏమో
ఎర్మిందో ఎప్పుడూ రాయలేదు.
ఒక ఆదివారం డబ్బా దులుపుదామని తెరిస్తే
ప్రతి చీటీలో, ఆ మాట ముందు,
పెన్సిల్‌తో, పేపరుకి కూడా నొప్పి తెలియనంత సన్నగా
యాస్నా ఒక కుర్చీ వేసి ఉంది.

అది ఆయన కంట ఎప్పుడు పడిందో తెలీదు.
ఆగస్టులో కోటు ఉతకబోతే
జేబులో తడిసిన లేబుల్, దాని నిండా ఆచేలు.
కొన్ని వంకర, కొన్నిటికి కాలు విరిగింది,
ఆఖరి వరసలోవి నిలబడ్డాయి.
ఎక్కడిదక్కడ పెట్టేశాను.
కోటు ఆ వారం ఉతకలేదు.

గురువారం యాస్నా క్లాసులో లేచి పాఠం చదవాలి.
నలుగురిలో దానికి మాట తట్టుకుంటుంది.
సాయంత్రం వస్తూనే సంచీ విసిరికొట్టింది:
"ఈ చీటీ నువ్వు రాశావ్. నాన్న రాయలేదు."
ఎందుకనుకున్నావే?
"ఇందులో తప్పు లేదు."

చదివావా మరి, పాఠం?
"సగం."
కాసేపాగి,
"నాన్న రాసుంటే మొత్తం చదివేదాన్ని."

ఏం చెప్పను?
మేకుకున్న కోటు దించి, జేబులోంచి ఆ లేబుల్ తీసి
దాని చేతిలో పెట్టాను.
పొయ్యి దగ్గర కూర్చుని వేలుపెట్టి లెక్కపెట్టింది.
ముప్పై ఏడు.
లెక్క సరిపోయిందో లేదో అని మళ్లీ పెట్టింది.
ఆ రాత్రి ఆయన బయల్దేరే ముందు
ఎడమ బూటులో ఏదో మడిచి పెట్టింది.
నేను చూడలేదు. చూడబుద్ధయింది గానీ చూడలేదు.

తెల్లారి చీటీలో
ఇహా ముందు ఆచే ఉంది.
వాన ముందూ ఉంది.
రొట్టె ముందు, కాకి ముందు, భయం ముందు,
చివర నాన్న ముందు కూడా,
ఎక్కడా అక్కర్లేని చోటల్లా ఒక కుర్చీ.
తెలిసి రాశాడో, తెలియక రాశాడో!

యాస్నా పొట్ట పట్టుకుని నవ్వుతూ
ఒక్కో మాటా పైకి చదువుతోంది,
తట్టుకోకుండా.
నేను ష్ అన్నాను, నాన్న పడుకున్నాడు.
తెర అవతల
నిద్రపోతున్న మనిషి దుప్పటి
కొంచెం కదిలింది.