నాలుగు చింతగింజలు

సిరొంచ సర్కారు దవాఖానాలో
మూడో నంబరు గది నాది.
తలుపు మీద పేరు మరాఠీలో ఉంటుంది,
లోపలికొచ్చే నొప్పులు తెలుగులో, మాడియాలో.
మధ్యన నేను,
పదకొండు నెలల కాంట్రాక్టు మీద
వేళ్లకు సూది గుచ్చే మనిషిని.

ఒక్క బొట్టు చాలు.
గాజు గొట్టంలో పడ్డ నెత్తురు మసకబారి
వెనకున్న నల్లగీతల్ని దాచేస్తే అనుమానం.
పైకి పంపితే పది రోజులకు రంగు తేలుతుంది:
తెల్ల కార్డు, సగం పసుపు, నిండు పసుపు.
జాతకాల బదులు ఇవి చూసుకోండని
గోడ మీద పెళ్లికూతురి బొమ్మ కూడా వేయించారు.

కొడవలి అంటే ఇక్కడ ఎవరికీ వివరం అక్కర్లేదు.
నెత్తుట్లోకి అదెట్ల వచ్చిందని మాత్రం అడుగుతారు.
చలిజ్వరాలు ఊళ్లను ఊడ్చేసిన కాలంలో
మీ ముత్తాతల్ని కాపాడింది ఇదేనంటే
లింగుబాయి నవ్వింది.
"కాపాడినోడే ఇప్పుడు అప్పు వసూలు జేస్తుండన్నట్టు."

ఆమె బిడ్డ సునంద. సగం పసుపు.
మిరపతోటల్లో కలిసిన పిల్లగాడు మారోతి,
ప్రాణహిత అవతలి వాడు.
అతని కాగితానికి రంగు లేదు,
ఇంగ్లీషులో రెండక్షరాలు. నేనే చదివి పెట్టాను.
అదీ సగమే.

డ్రాయరులోంచి నాలుగు చింతగింజలు తీశాను.
ఒకటి అరగదీయనిది.
రెండు, అష్టాచెమ్మాకు చేసినట్టు ఒకవైపే అరిగినవి.
నాలుగోది రెండువైపులా తెల్లగా తేలినది.
"ప్రతి కాన్పుకూ గుప్పిట్లోంచి ఒకటి తీసినట్టు.
ముందు ఏది వచ్చిందో గింజలకు గుర్తుండదు.
తీసింది మళ్లీ గుప్పిట్లోకే పోతుంది."
ఇది శిక్షణలో చెప్పింది కాదు, నా సొంతం.
కొంచెం గర్వంగానే ఉండేది నాకు.

లింగుబాయి బల్ల మీదికి వంగి
"రంగు మార్చరాదా బిడ్డా,
రేషన్ కార్డుల పేర్లు మారుస్తరు గద" అంది.
మారోతి చూపు చెప్పుల మీద.
సునంద అడిగింది పెళ్లి గురించి కాదు.
"కడుపుల ఉండంగనే తెలుస్తదట, ఆ పరీక్ష ఎక్కడ?"
నాగపూర్ అన్నాను.
బస్సు ఛార్జీ, కూలి పోయే రోజులు, తోడు మనిషి...
వేళ్ల మీద లెక్కపెట్టి, వేళ్లు ముడిచింది.

గడ్చిరోలి మీటింగులో పెద్ద డాక్టర్లు వాదించుకున్నారు.
కార్డులు కలపకపోతే ఈ జబ్బు ఎన్నటికీ పోదన్నాడు ఒకాయన.
ముందు గోలీలు సరిగ్గా పంపండి, పెళ్లిళ్ల సంగతి తర్వాత, అంది ఒకామె.
ఆడపిల్ల కార్డు ఊరంతా తిరుగుతుంది,
మగాడిది పెట్టెలో ఉంటుంది, అని కూడా అంది.
ఇద్దరికీ చప్పట్లు కొట్టాను.
భోజనం బాగుంది.

అప్పటిదాకా మూల బెంచీ మీద
దుప్పటి కప్పుకుని ఉన్నవాడు లేచాడు.
పోశాలు, సునంద తమ్ముడు.
పధ్నాలుగేళ్లు, పదేళ్ల ఒళ్లు. నిండు పసుపు.
గోలీల కోసం వచ్చాడు,
స్టాకు లేదని పొద్దున నేనే చెప్పాను.
మోకాళ్లు పట్టుకుంటూ బల్ల దాకా నడిచి
తెల్లగింజను చిటికెన వేలితో కదిపాడు.
"గిది నేనే గదక్కా?"

ఏం చెప్పాలో శిక్షణలో లేదు.
నా సొంతదీ ఏమీ లేదు.

"గీ కార్డులు మా అవ్వ పెండ్లప్పుడు ఉంటే
నేను పుట్టేటోణ్నే కాదు."
నవ్వుతూనే అన్నాడు.
నోరు మూయబోయిన లింగుబాయి చెయ్యి
దారి తప్పి వాడి తల మీద ఆగింది.
వాడు గింజను చొక్కా జేబులో వేసుకుని
"తీసింది మళ్ల గుప్పిట్లకు పోదక్కా" అని
బస్సుకు వేళైందని అక్కను లేపాడు.

సలహా ఇచ్చినట్టు రిజిస్టరులో సంతకం పెట్టాను.
బయట ఇంకో జంట,
కార్డులు బోర్లా పట్టుకుని.
డ్రాయరు లాగితే మూడే గింజలు.

దవాఖానా వెనకే చింతచెట్టుంది, గింజలకు కరువు లేదు.
అరగదీయడానికి రాయీ ఉంది.
లేచి వెళ్లలేదు.
మందుల గదికి ఫోన్ చేసి
స్టాకు ఎప్పుడొస్తదని
ఈ నెలలో నాలుగోసారి అడుగుతున్నాను.