సాయిలు అని కొడితే

సాయిలు అని కొడితే
మూడు వందల పన్నెండు వచ్చినయి.
తెర మీద పది.
కింద, తర్వాతి పేజీకి ఒక బాణం గుర్తు.

హన్మకొండ లేబర్ ఆఫీసుల
మూతపడ్డ మిల్లు కాగితాలన్నీ
రెండేండ్లు కూసొని కంప్యూటర్ల ఎక్కించినోన్ని నేను.
చెదలు తినంగ మిగిలినయి,
ఉర్దూల రాసినయి, ఇంగ్లీషుల రాసినయి,
గుమస్తా చెవికి ఎట్ల పడితే అట్ల రాసినయి.
అన్నీ ఉన్నయమ్మా అన్న, జరంత గర్వంగనే.

ఆడెపు భూలక్ష్మి. కొత్తవాడ. జంఖానాలు నేస్తది.
తండ్రి పేరు మీద బకాయేమన్న ఉన్నదా అని వచ్చింది.
బాణం నొక్కిన. ఇంకో పది.
మళ్ల నొక్కిన.
పదకొండోసారికి నా చెయ్యి పట్టి ఆపింది.

"జంఖానను తలుపు సందుల నుంచి
జానెడు జానెడు గుంజుకుంట చూపిస్తే
పువ్వు ఏడున్నదో ఎవలికెరుక బిడ్డా?
అన్నీ ఒక్కపారి పరువు."

ప్రింటు తీసి కత్తిరించినం.
ఒక్క చీటీ అంటే ఒక మనిషికి ఒక ఏడాది.
మీటింగు హాలు కుర్చీలు గోడకు నెట్టినం.
మే నెల. అయినా ఫ్యాను బందు పెట్టిచ్చింది.
అడ్డం ఏండ్లు,
నిలువు ఖాతాలు: వడుకు, నేత, అద్దకం.
ఒకే బిళ్ల నంబరువి ఒకే వరుసల.
సంచిల నుంచి పోగులు తీసి
రాత్రి షిఫ్టు చీటీల మీద ఎర్రది,
పగటి షిఫ్టుకు నీలం.
మోకాళ్ల మీద జరుగుకుంట, మధ్యాహ్నం దాక,
చాయ కూడ ముట్టలే.

అప్పుడు కుర్చీ ఎక్కింది. నన్నూ ఎక్కమన్నది.

పై నుంచి నడిమిట్ల తెల్ల చార ఒకటి,
మూడు ఖాతాలను నిలువునా కోసుకుంట పోయింది.
"సమ్మె ఏడాది" అన్నది.
ఆ ఏడాది కాగితాలు నా చేతులతోనే ఎక్కించిన,
అవి ఎంత తక్కువున్నయో
నాకు ఇవ్వాలనే తెల్సింది.

"నేను పుట్టినేడు పనిల చేరిండు.
అద్దకం. రాత్రి షిఫ్టు. ఇగో,
ఈ ఎర్ర పోగు మా నాయన."
పోగు వెంబడి ఏలు జరిగింది, ఆగింది.
"ఇది ఆరేండ్లకే తెగింది గద.
తొమ్మిదేండ్లు చేసిండు.
గేటు కాడికి సద్ది నేనే కొంచవోయిన."

తెర మీది వరుసల లేనిది కనపడదు.
కిందిది మీదికి జరిగి
దాని జాగల కూసుంటది.
ఈడ మాత్రం నేల మీద
మూడు చీటీలంత గచ్చు
ఉత్తగ పడి ఉన్నది, మమ్ముల చూస్తున్నట్టే.

"పేరుతోని కాదు, బిళ్ల నంబరు కొట్టు."
రెండు వేల నలభై నాలుగు.
తొమ్మిది వచ్చినయి.
ఆఖరి మూడు సైదులు పేరు మీద ఉన్నయి.
కొత్త గుమస్తా, కొత్త చెవి.

చివరి కార్డు కింద, వంకర గీతల్ల:
పని నుంచి తీసివేత.
కారణం, రంగుల తేడా తెలియకపోవుట.

చదివి వినిపిచ్చిన.
మళ్ల చదువుమన్నది.
చాలాసేపు చేతిల మిగిలిన పోగులను
ఏలు చుట్టూ చుట్టుకుంట కూసున్నది.

"మగ్గం కాడ కూసోబెట్టుకొని
ఇదేం రంగు బిడ్డా, ఇదేం రంగు, అని అడుగుతుండె.
నాకు నేర్పుతున్నడనుకున్న."

బకాయి సంగతి తర్వాత అడిగింది,
లేదని చెప్పిన, సరే అన్నది.
చీటీలు ఎత్తబోతే వద్దన్నది.
"ఉండనీ. మిగిలిన సాయిలుల పిల్లలు లేరా?
వాళ్లూ వస్తరు."

వారం రోజులు మా ఆఫీసుల
ఆ హాలు ఫ్యాను ఎవ్వలూ వెయ్యలే.
సారు మీటింగు వరండాల పెట్టిండు,
చెమటలు తుడుచుకుంట, తిట్టుకుంట,
లోపలికి పోయినప్పుడల్లా
చెప్పులు బయటనే ఇడిసి.