నలభై కిలోలు

నేను కూర్చునేది చీకట్లో.
రంగస్థలం పక్కన, అట్టముక్క అడ్డం పెట్టిన చిన్న దీపం కింద.
రాజులు మాట మరిచిపోతే అందించడం నా ఉద్యోగం.
ఇరవై ఆరేళ్ళలో ఎంతమంది రాజుల్ని సాగనంపానో లెక్కలేదు,
ఒక్కొక్కడి ఆఖరి మాటా నాకు ముందే కంఠతా వచ్చు.

ఈ ఏడు కొత్త దర్శకుడు వచ్చాడు, మెడకి పచ్చ మఫ్లరు.
రిహార్సల్ మధ్యలో టీ ఊదుకుంటూ అన్నాడు:
"విషాదానికి ఎత్తు కావాలమ్మా.
సింహాసనం మీంచి పడితే పతనం.
కుర్చీ మీంచి పడితే నడుంనొప్పి."
అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.
ట్రాములో ఇంటికొస్తుంటే
ఆ నవ్వు గొంతులో చేపముల్లై అడ్డం పడింది.

మా పై అంతస్తులో ఒతకార్ ఉంటాడు.
పేరు పాతకాలపు రాజులది. పని మాత్రం
ఒస్త్రావా పొలిమేరలో, పాత ఇనుము యార్డు గేటు దగ్గర కాటా.
లారీ ఎక్కుతుంది, అంకె పడుతుంది,
చీటీ మీద సంతకం పెడతాడు.
అంతే. పంతొమ్మిదేళ్ళు.
"మనిషి అబద్ధమాడతాడు గానీ కాటా ఆడదు" అనేవాడు
లిఫ్టులో, అడగనివాళ్ళతో కూడా.
అన్నప్పుడు గడ్డం కాస్త పైకి లేచేది.
అతనికున్న ఎత్తల్లా అదే.

ఫిబ్రవరిలో లూబోర్ లారీ నలభై కిలోలు తక్కువ తూగింది.
మర్నాడూ నలభై. ఆ మర్నాడూ.
అవతల డిపోలో తూచి పంపేది అతని సరుకొక్కటే,
కాబట్టి తేడా కనబడిందీ అతనిదొక్కటే.
దారిలో రాగి దించేస్తున్నావన్నాడు ఒతకార్.
లూబోర్ పిల్లల మీద ఒట్టేశాడు. టోపీ తీసి మంచులోకి విసిరికొట్టాడు.
"ఇంకోచోట తూయించు, నీకు దణ్ణం పెడతా" అన్నాడు.
ఒతకార్ సంతకం పెట్టాడు.

లూబోర్‌కి ఉద్యోగం పోయింది. తర్వాత ఇల్లు.
తర్వాత ఏం పోయిందో ఎవరూ పైకి అనరు,
వంతెన వైపు చూసి ఊరుకుంటారు.

ఏప్రిల్లో మంచు కరిగాక
కాటా కింద గుంటలో బురద తోడుతుంటే
పలకకీ దూలానికీ మధ్య ఇరుక్కుని దొరికింది,
అరచేతి పొడవు పట్టాముక్క.
ఎవరూ చూళ్ళేదు.
పాత ఇనుము యార్డులో ఒక ఇనుపముక్కని
విసిరెయ్యడం కంటే తేలికైన పని లోకంలో ఉందా?

అతను దాన్ని వార్తాపత్రికలో చుట్టాడు.
యజమానికి చూపించాడు. "ఎందుకిప్పుడు?" అన్నాడాయన.
పోలీసులకి చూపించాడు. రాసుకోడానికి ఏ ఫారమూ సరిపోలేదు.
చివరికి లూబోర్ భార్య మిలుషె తలుపు కొట్టాడు.
ఆమె పొట్లం విప్పి, చాలాసేపు చూసి,
ఒక్కటే అడిగిందట:
"ఇది ఎంత బరువుంటుంది?"

ఇదంతా మెట్లమీద కూర్చుని నాకు చెప్పాడు.
లిఫ్టు బాగానే ఉంది. అయినా మెట్లెక్కే వస్తున్నాడు.
"ఎంతని చెప్పావు?" అన్నాను.
"తూచలేదు" అన్నాడు.
"పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి నాకు అంకె..."
అక్కడ ఆగిపోయాడు.
అలవాటుకొద్దీ నా నోరు తెరుచుకుంది.
అందించడానికి మాట లేదు.
ఒళ్ళో పుస్తకమూ లేదు.
గడ్డం దించుకుని, కమ్మీ పట్టుకుని,
ఒక్కో మెట్టూ పైకి వెళ్ళిపోయాడు.

మర్నాడు రాత్రి మూడో అంకంలో
అట్టకిరీటం పెట్టుకున్న రాజు మాట మరిచాడు.
చీకట్లో నా వైపు చెవి ఒగ్గాడు.
నేను పెదవి విప్పలేదు.
ఆ ఖాళీ కాసేపు అందరిమీదా ఆనాలని,
ఆ పచ్చ మఫ్లరు కూడా కుర్చీలో కదలాలని.

తర్వాత అందించాను.
ఉద్యోగం కదా.