రిమార్కుల గడి

పర్లాకిమిడి ఆసుపత్రి వెనక గదిలో
పసిపిల్లల్ని తూచే కొక్కెం ఇంకా వేలాడుతోంది.
నేను రిటైరై పద్నాలుగేళ్లు.
ఆపరేషన్ల రిజిస్టరు మాత్రం ఇంటికి తెచ్చుకున్నాను,
దొంగతనమే అనుకోండి.

వరస సంఖ్య, పేరు, ఊరు, పిల్లలెందరు, వేలిముద్ర.
మూడో పేజీలో ఒప్పమ్మ, కాశీనగరం, ఇద్దరు.
"ఇంకొక్కడు పుడితే పొలానికి సాయం కదమ్మా" అంది.
గోడ మీది ఎర్ర త్రికోణం చూపించి
తక్కువ కంటే దేశానికి మేలన్నాను.
జీపులో నా చెయ్యి వదల్లేదు.
తిరిగొచ్చేటప్పుడు ఒళ్లో స్టీలు బక్కెట్టు.

నిన్న పక్కింటి పాత్రో గారి మనవరాలు
పేపరు పట్టుకొచ్చి చదివింది.
తలలు లెక్కపెట్టి ఢిల్లీలో కుర్చీలు పంచుతారట.
మాకూ తగ్గుతాయట,
చెక్‌పోస్టు అవతల పాతపట్నానికీ తగ్గుతాయట.
రెండు రాష్ట్రాలం, ఒకటే మాట విన్నాం.
"అంటే మామ్మా, మన సీటు తగ్గించింది నువ్వేనా?"
అని నవ్వింది.

రాత్రి దీపం దగ్గర పెట్టుకుని కూడాను.
నాలుగువందల పన్నెండు వేళ్లు.
పుట్టనివాళ్లకి ఓటుండదు, నిజమే.

అయినా, ఆ కొక్కేనికి గుడ్డ ఉయ్యాల కట్టి
ఎందర్ని తూచాను!
ఎనిమిదో కాన్పని ముల్లు ఎవర్నీ తక్కువ చూపలేదు.
ఎక్కడో గంగ ఒడ్డున
తొమ్మిదో బిడ్డని చంకనెత్తుకున్న తల్లితో
నీ బిడ్డ ముప్పావే అని ఏ నోటితో అనను?
ఆమె గుమ్మంలోకి ఏ జీపూ వెళ్లలేదేమో.

వడ్డించేవాడు మనవాడైతే
కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు.
నాకా సామెత ఎప్పుడూ రుచించలేదు.
వడ్డించేవాడు ఎవరివాడూ కాకూడదనే కదా
అందరం ఒకే బంతిలో కూర్చున్నాం?
ఇప్పుడు మధ్యలో లేపి
ఆకులు మళ్లీ వేస్తామంటున్నారు.

పొద్దున్నే ఒప్పమ్మ బస్సు దిగింది, పింఛను పనిమీద.
మిషను ఆమె వేలిని గుర్తుపట్టలేదు.
నాట్లు వేసి వేసి గీతలన్నీ అరిగిపోయాయి.
నా పేజీలో మాత్రం ఊదారంగులో
చుట్టలు చుట్టుకుని అలాగే ఉంది.
"ఇది నాదేటి?" అని కాసేపు తడిమింది.
టీ తాగి, పొడి బాగుందంది.

ఆమె వెళ్లాక పెన్సిలు తీశాను.
నలభై ఏళ్లుగా ఖాళీగా ఉన్న రిమార్కుల గడిలో
'మాట నిలబెట్టుకుంది' అని రాశాను.
మాట తీసుకున్నవాళ్ల సంగతి రాయబోతే
గడి చాల్లేదు.